మారియో టాస్ లిస్టు: గొడ్డలి తాకినప్పుడు ముగిసినట్టా, చివరి బటన్ వదిలినప్పుడా?

#1 పాత_క్యాసెట్ (లిస్టు చూసేవాడు)

అందరికీ నమస్తే. మన టాస్ రికార్డుల లిస్టులో ఒక చిక్కు వచ్చి పడింది. నేనొక్కడినే తేల్చేస్తే బాగోదని ఇక్కడ పెడుతున్నాను.

సూపర్ మారియో బ్రదర్స్ ఎనీ పర్సెంట్‌కి (ఎలాగైనా సరే, గేమ్ త్వరగా ముగిస్తే చాలు అనే కేటగిరీ) రెండు ఫైళ్లు వచ్చాయి. రెండూ ఎఫ్‌సీఈయూఎక్స్ అనే ఎమ్యులేటర్‌లో (కంప్యూటర్‌లో పాత కన్సోల్‌లా నడిచే ప్రోగ్రామ్) చేసినవే, రెండూ నా సిస్టమ్‌లో చివరిదాకా సింక్ అయ్యాయి, అంటే తేడా లేకుండా నడిచాయి. మొదటిది 21_ఫ్రేములు పంపినది. ఆఖరి స్టేజీ 8-4 చివర ఇతని మారియో గొడ్డలిని 2 ఫ్రేములు (ఫ్రేము అంటే తెర మీద ఒక్క బొమ్మ, సెకనులో దాదాపు అరవయ్యో వంతు) ముందు తాకుతాడు. రెండోది గోదారి_గేమర్ పంపినది. ఇందులో గొడ్డలి 2 ఫ్రేములు లేటు, కానీ చివరి బటన్ 9 ఫ్రేములు ముందే వదిలేశాడు. ఆఖరి జంప్ కాస్త ముందుగా వేసి చేతులు కట్టుకుని కూర్చున్నాడన్నమాట. గాల్లో ఉన్న మారియో ఆ ఊపుతోనే వెళ్లి గొడ్డలి మీద పడతాడు.

ఎవరిది పైన పెట్టాలి? లిస్టు మొదలెట్టిన రోజున "టైమ్ తక్కువ ఉన్నది పైన" అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. ఏ టైమో రాయలేదు. తప్పు నాదే.

#2 నిమ్మసోడా

సారీ, టాస్ అని చూసి క్రికెట్ అనుకుని వచ్చాను. మధ్యలో ఈ గొడ్డలి ఏంటి బాబూ?

#3 పాత_క్యాసెట్

హహ, నువ్వు మూడోవాడివి. టాస్ అంటే టూల్ అసిస్టెడ్ స్పీడ్‌రన్. ఎమ్యులేటర్‌లో గేమ్‌ని ఒక్కో ఫ్రేము చొప్పున ఆపుకుంటూ, ఏ ఫ్రేములో ఏ బటన్ నొక్కాలో రాసుకుంటూ పోతాం. తప్పు జరిగితే వెనక్కి వెళ్లి మళ్లీ రాస్తాం. అయ్యాక దాన్ని మొదటి నుంచి ఆపకుండా వదిలితే గేమ్ తనంతట తనే ఆడుకుంటుంది. గొడ్డలి అంటే ఆఖరి కోటలో వంతెన చివర ఉంటుందే, అది. తాకితే వంతెన కూలి డ్రాగన్ లావాలో పడిపోతుంది. చిన్నప్పుడు అక్కడిదాకా వెళ్లలేదా?

#4 నిమ్మసోడా

8-1 దాటితే ఒట్టు. సరే, కానివ్వండి, చూస్తుంటా.

#5 21_ఫ్రేములు

నా వాదన సింపుల్. గేమ్ ఎప్పుడు గెలిచినట్టు? గొడ్డలి తాకినప్పుడు. చేత్తో ఆడేవాళ్ల గడియారం కూడా అక్కడే ఆగుతుంది. 2021లో మనిషి 4:55 కిందికి దిగాడని ప్రపంచమంతా గోల చేసిందే, ఆ లెక్క 1-1 మొదలు గొడ్డలి దాకా. అదే గడియారంతో చూస్తే మంచి టాస్ 4:54.26. మనిషికీ మెషీన్‌కీ మధ్య దూరం ఎంతో తెలియాలంటే గడియారం ఒకటే ఉండాలి కదా?

ఇంకో మాట. ఈ గేమ్‌లో స్టేజీలన్నీ 21 ఫ్రేముల లెక్క మీద నడుస్తాయి. స్టేజీ అయిపోయాక తర్వాతిది మొదలవ్వాలంటే 21 ఫ్రేములకోసారి తెరుచుకునే గేటు దాటాలి. రైల్వే గేటు దగ్గర నువ్వు బైక్ మీద రెండు నిమిషాలు ముందొచ్చినా, వెనక లారీవాడు అర నిమిషం ముందొచ్చినా ఇద్దరూ కలిసే బయల్దేరతారు చూడు, అలాగ. అందుకే 8-3 దాకా మా ఇద్దరి ఫైళ్లూ సమానం. గేటు లేనిది ఒక్క 8-4 చివరే. అక్కడ నేను కష్టపడి సంపాదించింది 2 ఫ్రేములు. వాటికోసం మూడు వారాంతాలు పోయాయి. ఇప్పుడొచ్చి బటన్ ముందే వదిలేసినవాడు గొప్ప అంటే ఒళ్లు మండదా?

#6 గోదారి_గేమర్

అన్నా, ఒళ్లు మండించుకోకు, నేను కనిపెట్టిన రూల్ కాదిది. టాస్‌వీడియోస్ సైట్‌లో మొదట్నుంచీ లెక్క అదే: పవర్ ఆన్ నుంచి చివరి ఇన్‌పుట్ దాకా. 2011లో అక్కడ పబ్లిష్ అయిన మారియో టాస్ 17,868 ఫ్రేములు, అంటే 4:57.31. అందులో టైటిల్ స్క్రీన్ కూడా ఉంది. నువ్వు చెప్పిన 4:54.26 పక్కన పెడితే నెమ్మదిగా కనిపిస్తుంది, కానీ కొలిచిన టేపు వేరు.

ఆ రూల్ ఎందుకు పెట్టారో చూడు. మనం పంపేది వీడియో కాదు, ఫైల్. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఫ్రేముకో వరుస, వరుసలో ఎనిమిది గళ్లు: కుడి, ఎడమ, కింద, పైన, స్టార్ట్, సెలెక్ట్, బి, ఎ. నొక్కితే అక్షరం, నొక్కకపోతే చుక్క. నా ఫైల్‌లో చివరి అక్షరం ఏ వరుసలో ఉందో ఎవరైనా చదవచ్చు. గొడ్డలి ఎప్పుడు తాకిందో తెలియాలంటే మాత్రం గేమ్ నడపాలి, మెమరీ చూడాలి. కొన్ని గేముల్లో అయితే అసలు "గెలిచిన క్షణం" ఏదో తెలియదు. బాస్ చచ్చినప్పుడా, స్క్రీన్ నల్లబడినప్పుడా, పేర్లు రావడం మొదలైనప్పుడా? ఒక్కో గేముకి ఒక్కో పంచాయితీ పెడతామా?

#7 రీసెట్_బటన్

ఓహో. అయితే ఆర్‌పీజీ గేములో బాస్‌కి విషం ఎక్కించి, కంట్రోలర్ పక్కన పెట్టి, అన్నం తిని పడుకుని లేచేసరికి బాస్ చచ్చిపోతే అది వరల్డ్ రికార్డా? చూసేవాడి సంగతేంటి?

#8 గోదారి_గేమర్

లెక్క ప్రకారం అవును. చూసేవాడికి బోరు కొడితే అది వేరే ఫిర్యాదు.

#9 అమీర్‌పేట్_ఆర్కేడ్

నేను కొత్త. తప్పుగా అనుకోకుర్రి, ఒక డౌట్. ఒక్కో ఫ్రేము ఆపుకుంట, తప్పైతే వెనక్కి పోయి ఆడుడు చీటింగ్ కాదా? దానికి మళ్లీ రూల్సా?

#10 పాత_క్యాసెట్

మంచి ప్రశ్న తమ్ముడూ, తప్పేం లేదు. 2003లో ఇంటర్నెట్‌లో ఒక వీడియో తిరిగింది. సూపర్ మారియో 3ని ఎవరో పదకొండు నిమిషాల్లో చుట్టేశారు, దెబ్బ తగలకుండా, గాల్లో తేలుతూ. మోరిమోతో అనే జపాన్ అతను చేసింది. చాలామంది మనిషి ఆడాడనే అనుకున్నారు. ఎమ్యులేటర్‌లో 40 వేలకు పైగా రీ-రికార్డులతో (వెనక్కి వెళ్లి మళ్లీ రాయడం) చేసిందని తెలిశాక మోసం మోసం అని తిట్టిపోశారు. నిజానికి తన సైట్‌లో ఎలా చేశాడో అతనే చెప్పాడు. వీడియో మాత్రం ఆ వివరణ లేకుండా ఊరంతా తిరిగింది. ఆ ఏడాది డిసెంబర్‌లోనే ఇప్పటి టాస్‌వీడియోస్ సైట్ వేరే పేరుతో మొదలైంది.

అంతకుముందే డూమ్ అనే షూటింగ్ గేమ్ ఆడేవాళ్లు 1999లో ఈ "టూల్ అసిస్టెడ్" అనే మాట పెట్టుకున్నారు. ఇది మనిషి రికార్డు కాదు అని పేరులోనే చెప్పేశారు. చెప్పి చేస్తే చీటింగ్ ఎట్లా అవుతుంది? చెప్పకుండా మనుషుల లిస్టులోకి తోస్తే అప్పుడు అవుతుంది.

పైగా దొంగ లెక్కల్ని పట్టేది కూడా ఇవే టూల్స్. అటారీలో డ్రాగ్‌స్టర్ అని ఒక గేమ్ ఉంది. 5.51 సెకన్ల రికార్డు ముప్పై ఏళ్లకు పైగా నిలబడింది. గేమ్ కోడ్‌ని విప్పి లెక్కేస్తే 5.57 కన్నా కిందికి దిగడం కుదరదని తేలింది. 2018లో ఆ రికార్డు తీసేశారు.

#11 అమీర్‌పేట్_ఆర్కేడ్

ఓకే అన్నా, సమజైంది. అంటే గిది ఆట కాదు, లెక్క.

#12 రీసెట్_బటన్

లెక్కే అయితే ఎనీ పర్సెంట్ అని పిలవడం మానేయండి. ఆ మాటకి అర్థం పోయి చాలా రోజులైంది. జెల్డా సిరీస్‌లోని ఆకరీనా ఆఫ్ టైమ్‌ని ఇప్పుడు మనుషులే ఏడు నిమిషాల లోపు "ముగిస్తున్నారు". మెమరీలో చెత్త పేర్చి నేరుగా క్రెడిట్స్‌లోకి (ఆఖర్లో వచ్చే పేర్లు) దూకుతారు. హీరో లింక్ పెద్దవాడు అవడు, విలన్ గానన్ మొహం కూడా చూడడు. అందుకే జనం మళ్లీ "డిఫీట్ గానన్" అని ఇంకో కేటగిరీ పెట్టుకున్నారు. విలన్‌ని ఓడించాలి అని విడిగా రాసుకోవాల్సిన గతి పట్టింది చూశారా!

మారియో 3 ఇంకా ఘోరం. ఒక టాస్ సెకను లోపే క్రెడిట్స్ చూపిస్తుంది. ఒక్క సెకను. మారియో అడుగు కూడా వేయడు.

#13 టంకం_వాసన

మారియో 3ది నేను చెప్తాను. నాకు ఆ గేమ్ కన్నా ఆ వైరింగ్ అంటే ఇష్టం.

ఎన్‌ఈఎస్‌లో (ఈ మారియోలు ఆడే నింటెండో కన్సోల్) శాంపిల్ శబ్దాలు వాయించే సౌండ్ ఛానల్ ఒకటి ఉంది. అది పని చేస్తున్నప్పుడు కంట్రోలర్ నుంచి వచ్చే సమాచారం ఒక్కోసారి చెడుతుంది. ఆ సంగతి తెలిసి మారియో 3 రాసినవాళ్లు జాగ్రత్తపడ్డారు: కంట్రోలర్‌ని వరుసగా చదువు, రెండుసార్లు ఒకే జవాబు వచ్చేదాకా వదలకు. మన వేళ్లతో అయితే రెండోసారికే జవాబు కుదురుతుంది. కానీ ఒక మెషీన్ ఒకే ఫ్రేములో చదివిన ప్రతిసారీ వేరే జవాబు ఇస్తే? గేమ్ అడుగుతూనే ఉంటుంది. ఈలోపు తర్వాతి ఫ్రేము అంతరాయం వచ్చేసి పనులన్నీ అడ్డదిడ్డంగా నడుస్తాయి. ఆ సందులోంచే దూరారు. తలుపుకి రెండో గడియ పెడితే దొంగ ఆ గడియ పట్టుకునే లోపలికి వచ్చాడు.

నాకు అది అందంగానే ఉంటుంది. కాకపోతే దాన్ని మామూలు మారియో 3 టాస్ పక్కన ఒకే వరుసలో నిలబెట్టడం తప్పు. పేరు వేరుగా ఉండాలి.

#14 21_ఫ్రేములు

పేరు కాదు, రూల్ ఉండాలి. మనిషి చెయ్యి చేయగలిగిందే ఇన్‌పుట్ అని గీత గీయండి. ఫ్రేముకి ఒక్క జవాబు. కుడి, ఎడమ ఒకేసారి నొక్కడం బంద్. అసలు కంట్రోలర్ మీద ఆ ప్లస్ బటన్ ఒకే ప్లాస్టిక్ ముక్క. కుడి నొక్కితే ఎడమ లేస్తుంది. జెల్డా 2లో రెండూ కలిపి నొక్కితే లింక్ తూటాలాగా దూసుకుపోతాడు. గేమ్ రాసినవాడు అలా నొక్కుతారని కలలో కూడా అనుకోలేదు.

#15 టంకం_వాసన

మా ఇంట్లో చిన్నప్పుడున్న కంట్రోలర్ చూడాల్సింది నువ్వు. వందల గేములున్న క్యాసెట్‌తో పాటు వచ్చింది. లోపలి రబ్బరు అరిగిపోయి ప్లస్ బటన్ నాలుగు వైపులా ఒకేసారి కిందికి దిగేది. బొటనవేలు మధ్యలో పెట్టి నొక్కితే చాలు. మీ రూల్ ప్రకారం నాది మనిషి చెయ్యా, మెషీనా?

నవ్వులాట కాదు. "మనిషి చేయగలిగింది" అనే గీత రోజూ పక్కకి జరుగుతూనే ఉంటుంది. 2014 జనవరిలో ఏజీడీక్యూ అనే స్పీడ్‌రన్ల పండగ స్టేజీ మీద టాస్‌బాట్ అనే మెషీన్ సూపర్ మారియో వరల్డ్ లోపలికి బటన్ నొక్కులతోనే పాంగ్, స్నేక్ గేముల కోడ్ ఎక్కించింది. ఇది మెషీన్ మాత్రమే చేయగలదు అన్నారు. 2016లో ఒకాయన అదే గేములోకి ఫ్లాపీ బర్డ్ కోడ్‌ని చేత్తో ఎక్కించాడు, ఒక్కో బైటు చొప్పున. ఎక్కడ గీస్తావు గీత?

కన్సోల్ వైరుకి ఏది అందుతుందో అదే ఇన్‌పుట్. వైరుకి బొటనవేలు తెలియదు.

#16 రీసెట్_బటన్

అలాగా. అయితే క్యాసెట్ పీకి ఇంకోటి పెట్టడం కూడా ఒప్పుకోవాలి మరి. జపాన్‌లో ఫామికామ్ (అక్కడి ఎన్‌ఈఎస్) పిల్లల ట్రిక్కు తెలుసుగా? మారియో ఆడుతూ, కరెంటు తీయకుండానే క్యాసెట్ పీకి టెన్నిస్ పెడతారు. రీసెట్ కొట్టి టెన్నిస్‌లో కాసేపు అటూ ఇటూ పరిగెత్తి, మళ్లీ మారియో పెట్టి రీసెట్ కొడతారు. మెమరీ చెరగదు. మారియో ఆ మెమరీ చూసి "పాత ఆటే, రీసెట్ మాత్రమే అయింది" అనుకుంటుంది. టెన్నిస్‌లో వేసిన అడుగుల లెక్క ఉన్న చోటే మారియోలో వరల్డ్ నంబర్ ఉంటుంది. పిచ్చి పిచ్చి వరల్డ్‌లన్నీ తెరుచుకుంటాయి. ఎమ్యులేటర్ కాదు, టూల్ కాదు, పిల్లలు చేత్తోనే చేశారు. మీ "వైరు" రూల్‌కీ సరిపోతుంది, 21_ఫ్రేములు గారి "చెయ్యి" రూల్‌కీ సరిపోతుంది. పెట్టండి మరి లిస్టులో!

#17 గోదారి_గేమర్

😂 ఇద్దర్నీ ఒకే దెబ్బకి కొట్టావు కదయ్యా.

#18 టంకం_వాసన

ఒప్పుకుంటున్నా, అది నేను ఆలోచించలేదు. రాత్రి నిద్ర పట్టలేదు కూడా.

ఇలా చెప్తే ఎలా ఉంటుంది? ఫైల్ పవర్ ఆన్‌తో మొదలవ్వాలి, కన్సోల్‌లో మొదటి నుంచి ఉన్న క్యాసెట్ ఒక్కటే ఉండాలి, మిగిలినదంతా కంట్రోలర్, రీసెట్ బటన్ల ద్వారానే రావాలి. టెన్నిస్ దారిలో వచ్చింది మారియో ఫైల్ కాదు, వేరే గేము వదిలిన మెమరీతో మొదలైన ఫైల్. సేవ్ స్టేట్ (ఎమ్యులేటర్‌లో ఆట మధ్యలో దాచుకున్న స్థితి) నుంచి మొదలెట్టడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. పాత సేవ్ మీద ఆధారపడే రన్‌లకి టాస్‌వీడియోస్‌లో ఆ సేవ్ ఎలా వచ్చిందో చూపించే ఫైల్ కూడా అడుగుతారు. మనమూ అడగొచ్చు.

రీసెట్ అన్నాను కాబట్టి పోకెమాన్ సంగతి కూడా. పాత రెడ్, బ్లూ గేముల్లో సేవ్ అవుతున్న సమయంలో కరెంటు తీసేస్తే సేవ్ సగమే రాసి ఉంటుంది, జేబులో 255 పోకెమాన్ ఉన్నట్టు గేమ్ నమ్ముతుంది. అది ఆట లోపలి నుంచే వచ్చింది. నా లెక్కలో చెల్లుతుంది. అలా వద్దనుకునేవాళ్లకి "సేవ్ చెడగొట్టకుండా" అని పక్క కేటగిరీ. మనుషుల లిస్టుల్లోనూ అలాగే ఉంది.

#19 21_ఫ్రేములు

పక్క కేటగిరీ, పక్క కేటగిరీ అంటూ పోతే రేపు "మారియో ఎడమ కాలితోనే దూకాలి" అని కూడా ఒకటి వస్తుంది.

#20 గోదారి_గేమర్

వచ్చేసింది అన్నా. బి బటన్ ముట్టకుండా, అసలు పరిగెత్తకుండా నడుచుకుంటూ గేమ్ ముగించే వాకథాన్ టాస్ ఉంది. నేను రెండుసార్లు చూశాను. పరిగెత్తకపోతే ఏ గుంత ఎలా దాటాలో ప్రతిచోటా కొత్త లెక్క. డూమ్‌లో అయితే పాసిఫిస్ట్, టైసన్ లాంటివి ఎప్పట్నుంచో ఉన్నాయి. ఒకదాంట్లో ఎవర్నీ చంపకూడదు, ఇంకోదాంట్లో పిడికిలి, రంపం, పిస్టల్ మాత్రమే.

నా కొలత ఒకటే. ఆ నియమం వల్ల దారి మారాలి. ఎడమ కాలు అంటే దారేం మారదు, కాబట్టి వద్దు. నడక అంటే దారి మొత్తం మారుతుంది.

#21 అమీర్‌పేట్_ఆర్కేడ్

అన్నా, నా దగ్గర కాంట్రా ఉంది, చిన్నప్పటి క్యాసెట్‌ల నుంచి తీసిన రామ్. స్టార్ట్ చేయంగనే ఏ స్టేజీ, ఏ గన్ కావాలో అడుగుతది. దాంట్ల టాస్ చేస్తే తీసుకుంటరా? 😅

#22 పాత_క్యాసెట్

రామ్ కాదు తమ్ముడూ, రోమ్. రాముడిని మధ్యలోకి లాగకు. 🙂

అది అసలు కాంట్రా కాదు, ఎవరో మార్చి క్యాసెట్‌లో కుక్కినది. ఫైల్ మొదట్లో రోమ్ చెక్‌సమ్ (దాని వేలిముద్ర లాంటి నంబర్) ఉంటుంది, అక్కడే దొరికిపోతుంది. ఎనిమిదో స్టేజీ ఎంచుకుని మొదలెడితే ఇంక రన్ ఏముంది. సరదాకి చెయ్యి, "మన క్యాసెట్లు" అని కింద విడిగా పెడతా. నాకూ చూడాలని ఉంది.

ఇంకోటి, టైమ్‌ని సెకన్లలో కాకుండా ఫ్రేముల్లో రాయమని ఎందుకు బతిమాలుతున్నానో ఇప్పుడైనా వినండి. అమెరికా, జపాన్ మెషీన్లు సెకనుకి 60 ఫ్రేములు, మన టీవీలు 50. 60కి రాసిన గేమ్‌ని 50 మెషీన్‌లో పెడితే పాటతో సహా అన్నీ నెమ్మదిస్తాయి. 2011 నాటి ఆ 17,868 ఫ్రేముల్నే 50తో భాగిస్తే 5 నిమిషాల 57 సెకన్లు. ఒక్క బటన్ మారలేదు, నిమిషం పెరిగింది.

#23 నిమ్మసోడా

అంటే చిన్నప్పుడు నేను ఆడింది స్లో మోషన్ మారియోనా? అందులోనూ 8-1 దాటలేదా నేను 😭

#24 పాత_క్యాసెట్

సరే, వారం అయింది. ఇలా పెడుతున్నాను, నచ్చకపోతే తిట్టండి.

వరుస చివరి ఇన్‌పుట్ ఫ్రేము మీదే. ఎవరైనా ఫైల్ తెరిచి సరిచూసుకునే లెక్క అదొక్కటే. కానీ పక్కనే "గొడ్డలి" అని ఇంకో గడి ఉంటుంది, ఆ ఫ్రేము నంబర్‌తో. అందులో తక్కువ ఉన్నది ఎవరిదో వాళ్ల పేరు లావు అక్షరాల్లో వస్తుంది. కుడి ఎడమ కలిపి నొక్కితే చెల్లుతుంది, ఆ ముక్క కేటగిరీ పేరులో ఉండాలి. ఫ్రేము లోపల ఒకటికి మించి జవాబులు ఇచ్చేవి వేరే పట్టిక. టెన్నిస్ వద్దు. కేటగిరీ పేరు చూస్తే ఏది వదిలేశారో తెలియాలి, ఉత్త "గ్లిచ్ లేకుండా" (గేమ్‌లోని లోపాలు వాడకుండా) అని పంపితే వెనక్కి పంపిస్తా. 1-2లో పైకప్పు మీద నడవడం గ్లిచ్చా కాదా అని ఇంకో వారం కొట్టుకోలేను.

కాబట్టి ప్రస్తుతానికి గోదారి_గేమర్ పైన, 21_ఫ్రేములు లావు అక్షరాల్లో.

#25 21_ఫ్రేములు

లావు అక్షరాలు ఎవడిక్కావాలి. ఆగండి.

#26 21_ఫ్రేములు

కొత్త ఫైల్ పంపాను. చివరి బటన్ గోదారి కన్నా 3 ఫ్రేములు ముందు. గొడ్డలి 4 ఫ్రేములు లేటు. జంప్ చూడ్డానికి పరమ దరిద్రంగా ఉంది, నాకే నచ్చలేదు. కానీ రూల్ మీరు పెట్టిందే.

#27 పాత_క్యాసెట్

నడిపి చూశాను. నా సిస్టమ్‌లో 4-2లో డీసింక్ అవుతోంది (బటన్లకీ ఆటకీ పొత్తు తప్పుతోంది), మారియో పైపు పక్కన గోడకి తల కొట్టుకుంటూ నిలబడిపోయాడు. ఎమ్యులేటర్ సెట్టింగ్ ఏమైనా మార్చావా? మొదటి ఫైల్ చేసిన వెర్షనేనా ఇది?

#28 21_ఫ్రేములు

అయ్యో. రాత్రే అప్‌డేట్ కొట్టాను.

#29 గోదారి_గేమర్

తొందరేం లేదన్నా, మెల్లిగా చూసుకో. 😁